11 ఏళ్ళ బాబుకి షటిల్ బ్యాట్ కొనాలి, షాపతను 12 వేలది చూపిస్తున్నాడు. ఏం చేయమంటారు?

కాకినాడ_నాన్న:

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 11 ఏళ్ళు, ఆరో తరగతి. ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాడని షటిల్ కోచింగ్‌లో వేశాం. ఆరంభ శూరత్వమే అనుకున్నా గానీ సెలవులయ్యాక కూడా మానలేదు, పొద్దున్న ఐదున్నరకి వాడే లేచి నన్ను లేపుతున్నాడు. ఇన్నాళ్ళూ ఇంట్లో పడున్న బ్యాటే తీసుకెళ్ళాడు, అదేనండీ, మేడ మీద ఆడుకోవడానికి రెండు బ్యాట్లూ ఒక కాక్ కలిపి సంచిలో పెట్టి అమ్ముతారు చూడండి, అది. మొన్న కోచ్ గారు పిలిచి "బాబు చెయ్యి బాగుంది సార్, ఇంక సరైన రాకెట్ కొనండి" అన్నారు. ఏది కొనమంటారు అని అడిగేలోపు వేరే పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు.

సరే అని షాపుకి వెళ్తే అక్కడతను 4యూ, జీ5, హెడ్ హెవీ, స్టిఫ్, 28 పౌండ్లు అంటూ ఒకటే వాయింపు. నేను తలూపుతూ నిలబడ్డా. చివరికి 12 వేల బ్యాట్ ఒకటి చేతిలో పెట్టి "ఒకేసారి మంచిది కొనేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు. మావాడేమో షటిల్ ఆటగాడు సాత్విక్ వీరాభిమాని, అమలాపురం మాకెంతో దూరం కాదు కదా, ఇంటి మనిషి లెక్కే వాడికి. గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ అంటే బ్యాట్ మహిమే అని వాడి నమ్మకం, సాత్విక్ వాడేదే కావాలని పట్టు.

మొత్తం మీద నా దగ్గర ఆరు వేలు ఉన్నాయనుకోండి. అందులో బ్యాట్ ఎంతలో తీసుకోవాలి? బూట్లు వేరే కావాలా, లేక నడకకి కొన్న స్పోర్ట్స్ బూట్లు చాలా? కాక్‌లు కూడా మమ్మల్నే తెచ్చుకోమన్నారు. అర్థమయ్యేలా చెప్పి పుణ్యం కట్టుకోండి.

గట్టింగ్_బాబాయ్ (రాజమండ్రి):

కాకినాడ నాన్నగారూ, ముందు ఆ 12 వేల బ్యాట్ మర్చిపోండి. నేను బ్యాట్లు అమ్మను, గట్టింగ్ చేస్తాను, అంటే బ్యాట్‌కి గట్ దారాలు అల్లుతాను, కాబట్టి మీరేది కొన్నా నాకొచ్చేదేం లేదు. నా దగ్గరికొచ్చే విరిగిన బ్యాట్లలో పిల్లలవే ఎక్కువ, అవి కూడా స్మాష్ కొట్టి విరిగినవి కావు. డబుల్స్‌లో ఇద్దరూ ఒకే కాక్ కోసం పరిగెత్తి బ్యాటుకి బ్యాటు తగిలించుకుంటారు, లేదా నెట్ దగ్గర కింద పడబోయే కాక్‌ని తీయబోయి నేలకి కొడతారు. గ్రాఫైట్ ఫ్రేమ్ ఒకసారి చిట్లిందంటే అతికించేది లేదు, వారంటీ అంతకన్నా లేదు. రెండు వేలదైనా అంతే, పన్నెండు వేలదైనా అంతే. పైగా ఖరీదైనవి పల్చటి ఫ్రేముతో వస్తాయి, దెబ్బకి ఇంకా సులువుగా పోతాయి.

ఇక షాపతను చెప్పిన ముక్కలు. యూ అంటే బరువు. 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ అంటే 80 నుంచి 84, 5యూ అంటే 75 నుంచి 79. నంబరు పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది, అది గుర్తుంటే చాలు. మీవాడికి 5యూ బాగుంటుంది, దొరక్కపోతే 4యూ. జీ అంటే పిడి లావు. యోనెక్స్ లెక్కలో జీ5 సన్నం, జీ4 దానికన్నా లావు. 11 ఏళ్ళ చేతికి జీ5 చూడండి. మన దగ్గర చవక మోడళ్ళు చాలావరకు జీ4లోనే కనిపిస్తాయి, అదే దొరికితే దాని మీద ఇంకో గ్రిప్ చుట్టకండి, ఉన్న గ్రిప్ విప్పేసి పల్చటిది ఒకటి చుట్టించండి.

హెడ్ హెవీ అంటే బరువు తల వైపు ఉండటం. వెనక నుంచి కొట్టే స్మాష్‌కి సాయం చేస్తుంది, నిజమే, కానీ ఇంకా మణికట్టు బలం రాని పిల్లాడు రోజూ గంటన్నర దాన్ని తిప్పితే భుజం పట్టేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉండేది తీసుకోండి. స్టిఫ్ అంటే కాడ వంగకపోవడం. చెయ్యి వేగంగా తిప్పేవాడికి అలాంటి కాడ కావాలి. మీవాడి వేగానికి అది కొంచెం కూడా వంగదు, కర్రతో కొట్టినట్టే ఉంటుంది, వంగే కాడ అయితే అదే వెనక్కి కొట్టుకుని కాక్‌ని తోస్తుంది. బ్యాట్ మీద ఫ్లెక్సిబుల్ అనో మీడియం అనో రాసుంటే అది చాలు.

సాత్విక్ సంగతికొస్తే మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఆ 565 రికార్డు మ్యాచ్‌లో కొట్టింది కాదు, 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో సోకా అనే ఊళ్ళో యోనెక్స్ వాళ్ళ ఫ్యాక్టరీ జిమ్‌లో కొలిచింది. అంతకుముందు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియోంగ్ 2013లో కొట్టిన 493 ఉండేది. సాత్విక్ అప్పుడు పట్టుకున్నది నానోఫ్లేర్ 1000 జెడ్, అది హెడ్ హెవీ కాదు, తల తేలిక బ్యాట్! మహిమ ఆ భుజంలో ఉంది.

మా ఊరి ధరల్లో ఒక మోస్తరు వన్ పీస్ (అతుకు లేని) గ్రాఫైట్ బ్యాట్ రెండు వేల నుంచి రెండున్నరకి వస్తుంది. కొనగానే ఫ్యాక్టరీ గట్ పీకించేసి బీజీ 65 అనే గట్ వేయించండి, 20 నుంచి 22 పౌండ్ల బిగువు మీద. ఫ్యాక్టరీలో వేసి పంపే గట్ చాలావరకు నాసిరకంది, వదులు కూడా. కాక్ తగిలితే డబ్ మంటుంది, టప్ మనదు.

స్మాష్_రాజా (విజయవాడ):

బాబాయ్ చెప్పినదాంట్లో బరువూ గ్రిప్పూ ఓకే. కానీ రెండు వేల బ్యాట్ అంటే నేను ఒప్పుకోను. ఆర్నెల్లకే పిల్లాడు దాన్ని దాటేస్తాడు, మళ్ళీ కొనాలి. మా అకాడమీలో అండర్ 13 ఆడే పిల్లలంతా ఐదు, ఆరు వేలవే వాడుతున్నారు. మంచి బ్యాట్‌కి టచ్ వేరు బాస్, నెట్ దగ్గర డ్రిబుల్ (కాక్‌ని మెల్లగా అవతలికి వేయడం) వేసినప్పుడు తెలుస్తుంది తేడా. గట్ కూడా 20 ఏంటి మరీ, 24కి తక్కువైతే కాక్ ఎటు పోతుందో తెలియదు. మొదటి నుంచీ టైట్ గట్‌కి అలవాటు పడితే తర్వాత ఇబ్బంది ఉండదు. నా మాట విని ఆరు వేలూ బ్యాట్ మీదే పెట్టండి, బూట్లు వచ్చే నెల చూసుకోవచ్చు.

శిరీష_మియాపూర్:

రాజా గారూ, ఏమీ అనుకోకండి, బూట్లు వచ్చే నెల అనే మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. మా పాప మూడో తరగతి నుంచి ఆడుతోంది, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇన్నేళ్ళలో కోర్టు బయట బెంచీ మీద కూర్చుని నేను చూసింది ఏంటంటే, పిల్లల ఆట మధ్యలో ఆగిపోయేది బ్యాట్ వల్ల కాదు, కాలు మడత పడటం వల్ల.

అన్నయ్య గారూ, నడకకీ పరుగుకీ వాడే బూట్లు అస్సలు వేయించకండి. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, ముందుకి పరిగెత్తడానికి చేసినవి. షటిల్‌లో పిల్లలు పక్కకి దూకుతారు, వెనక్కి జరుగుతారు, ఒక్కసారిగా ఆగుతారు. ఎత్తు మడమ మీద పక్కకి ఆగితే పాదం బయటికి ఒరిగి చీలమండ తిరిగిపోతుంది. మా పాప బ్యాచ్‌లో ఒకమ్మాయికి అలాగే అయి, కట్టు విప్పాక కూడా చాన్నాళ్ళు ఆ కాలు మీద బరువు వేయడానికి భయపడింది.

షాపులో నాన్ మార్కింగ్ అని అడగండి, కానీ ఆ మాట రాసుంటే చాలదు, నాన్ మార్కింగ్ అంటే నేల మీద గీతలు పడవని మాత్రమే. బూటు తిరగేసి అడుగు చూడండి, లేత గోధుమ రంగులో పచ్చి రబ్బరులా ఉండే గమ్ సోల్ కావాలి, గోరుతో నొక్కితే కొంచెం దిగాలి. అది చెక్క కోర్టునీ సింథటిక్ మ్యాట్‌నీ పట్టుకుంటుంది. తర్వాత బూటుని రెండు చేతుల్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. సులువుగా తిరిగిపోతే వద్దు. ముందు వేళ్ళ దగ్గర మాత్రం వంగాలి. మడమ వెనక భాగం బొటనవేలితో నొక్కితే గట్టిగా నిలబడాలి. ఆడేటప్పుడు వేసుకునే లావు సాక్స్‌తోనే వేయించి చూడండి, వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. ఎదిగే కాలు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటారు మన ఇళ్ళల్లో, స్కూలు బూట్లకైతే పర్వాలేదు గానీ ఇక్కడ లోపల పాదం జారి వేలి గోరు నల్లబడుతుంది.

ఇంకోటి, ఆ బూట్లు ఇంటి దగ్గరే వేసుకుని బండెక్కి రానివ్వకండి. సంచిలో తెచ్చుకుని కోర్టు దగ్గర మార్చుకోవాలి. రోడ్డు మీద నడిస్తే గమ్ సోల్ అరిగిపోతుంది, దుమ్ము పట్టి జారుతుంది కూడా.

నా లెక్కలో మీ ఆరు వేలలో బూట్లకి రెండు వేలు పక్కన పెట్టాకే బ్యాట్ గురించి ఆలోచించండి. చెప్పులు లేని కాళ్ళతో ఆడిన మన పెద్దవాళ్ళ కథలు ఎవరైనా మొదలెడితే వినకండి, వాళ్ళు మట్టి కోర్టుల్లో ఆడారు.

గట్టింగ్_బాబాయ్ (రాజమండ్రి):

శిరీష గారు చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు.

రాజా, నీ 24 పౌండ్ల మాటకి జవాబు. గట్ ఎంత బిగిస్తే అంత పవర్ అనుకుంటారు, అది తిరగేసిన మాట. వదులుగా ఉన్న గట్టే కాక్‌ని ఎగరేస్తుంది, బిగువు పెరిగేకొద్దీ పవర్ ఆడేవాడి చేతిలోంచి రావాలి. బదులుగా గురి బాగా కుదురుతుంది, అది నీలాంటి వాడికి ఉపయోగం. పైగా బిగువు పెరిగితే కాక్ బాగా తగిలే చోటు చిన్నదవుతుంది. పిల్లాడు పది కొడితే ఆరు అంచుకి తగులుతాయి. ఎలా తెలుసు అంటావా, తెగిన బ్యాట్లు తెస్తారు కదా నా దగ్గరికి, గట్ నడిమధ్య తెగితే ఆడటం వచ్చినట్టు, పైన ఫ్రేము పక్కన తెగితే ఇంకా కాక్ బ్యాట్‌కి సరిగ్గా కుదరట్లేదన్నట్టు. పిల్లల బ్యాట్లు దాదాపు అన్నీ పక్కనే తెగుతాయి. అందుకే 20. కాక్ మధ్యలో తగలడం మొదలయ్యాక ఒక్కో పౌండు పెంచుకుంటూ పోవచ్చు.

మీ అకాడమీ పిల్లలు ఐదు వేలవి వాడుతున్నారంటే వాళ్ళు టోర్నమెంట్లు ఆడుతున్నారు, చేతిలో ఇంకో బ్యాట్ స్పేర్ ఉంటుంది. ఈ బాబు ఇప్పుడే మొదలెట్టాడు. వచ్చే ఏడాది జిల్లా సెలెక్షన్స్‌కి వెళ్ళే స్థాయికి వస్తే అప్పుడు ఐదు వేలది కొనిపించు, నేనే గట్ వేసి పంపిస్తా.

స్మాష్_రాజా (విజయవాడ):

బూట్ల విషయంలో శిరీష గారికి దండం, అది వదిలేయండి. కానీ బాబాయ్, అసలు చవక బ్యాట్లంటే భయం ఎందుకంటే, ఆ రేటులో సగం అల్యూమినియం ఫ్రేమువే అంటగడతారు. కాడకీ తలకీ మధ్య టీ ఆకారంలో అతుకు కనిపిస్తే అది గ్రాఫైట్ కాదు, కొన్ని రోజులకి ఆ అతుకు దగ్గర కటకటమని ఊగుతుంది. కాకినాడ గారూ, అది మాత్రం చూసుకోండి. మీరు రెండున్నర వేలలోనే తీసుకున్నా, పిడి పైన ఉండే కోన్ మీద గరిష్ఠ టెన్షన్ (బిగువు) ఎంత రాసుందో చదవండి, 24 దాకా అయినా ఓర్చుకునేది తీసుకుంటే తర్వాత పెంచుకోవడానికి వీలుంటుంది.

సింగిల్స్_వైజాగ్:

కాక్‌ల గురించి ఎవరూ చెప్పలేదు, నెల నెలా కాలేది అక్కడే. బ్యాట్ ఒకసారి ఖర్చు, కాక్ రోజూ ఖర్చు.

మీవాడికి ఇప్పుడు ఈకల కాక్ అవసరం లేదు, కోచ్ గారు తెమ్మంటే తప్ప. ఒక్కో కాక్‌లో బాతువో గూస్ అనే పెద్ద బాతువో రెక్క ఈకలు 16 ఉంటాయి, బరువు 5 గ్రాములు అటూ ఇటూ, అంచుకి ఒక్క దెబ్బ తగిలితే ఈక విరుగుతుంది. ధరలు చూస్తే మా క్లబ్బులో పెద్దవాళ్ళమే చందాలు వేసుకుంటున్నాం. నైలాన్ కాక్‌తో మొదలెట్టండి, మావిస్ 350 అని అడిగితే ఏ షాపులోనైనా తెలుస్తుంది. డబ్బా మూత రంగు చూసుకోండి. పచ్చ మూత నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు వేగం. వేడి గాలి పల్చగా ఉండి కాక్ దూరం పోతుంది కాబట్టి మన కోస్తా ఎండలకి పచ్చ మూతదే సరి, అది 22 నుంచి 33 డిగ్రీలకని చేసింది. ఎరుపుది చలిదేశాల కోసం. షాపుల్లో ఏది మిగిలితే అది ఇచ్చేస్తారు, మా ఫ్రెండ్‌కి మే నెలలో ఎర్ర మూత డబ్బా అంటగట్టారు, కొట్టిందల్లా బయటికే! ఈకల కాక్‌లకి రంగుల బదులు 75, 76, 77 అని నంబర్లుంటాయి, చిన్న నంబరు నెమ్మది.

ఎప్పుడైనా ఈకల డబ్బా కొంటే ఆడే ముందురోజు రాత్రి రెండు మూతలూ తీసి, మరుగుతున్న నీళ్ళ ఆవిరి డబ్బాలోకి కొన్ని సెకన్లు పోనిచ్చి మూసేయండి. ఎండిన ఈక పెళుసు, తేమ తగిలితే కొంచెం ఎక్కువసేపు బతుకుతుంది. చలికాలంలోనూ ఏసీ ఉన్న కోర్టుల్లోనూ ఇది బాగా తేడా చూపిస్తుంది.

గ్రిప్ మాట కూడా. మన సముద్రం పక్క ఊళ్ళలో చేతి చెమట మామూలుగా ఉండదు. బ్యాట్‌తో వచ్చే గ్రిప్ వారానికే నున్నగా అయిపోయి పిడి జారుతుంది, జారుతోందని పిల్లలు ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంటారు, మణికట్టు తిరగదు. పల్చటి ఓవర్ గ్రిప్పులు మూడు ఉన్న ప్యాకెట్ కొని నున్నబడగానే మార్చేయండి. టవల్ గ్రిప్ చెమట పీలుస్తుంది గానీ లావుగా ఉంటుంది, చిన్న చేతికి వద్దు.

ఆన్‌లైన్‌లో సగం ధరకి పెద్ద మోడల్ కనిపిస్తే దాని జోలికి పోకండి. అచ్చం అదే రంగు, అదే పేరు, స్టిక్కర్‌తో సహా నకిలీలు వస్తున్నాయి. బ్యాట్ చేత్తో పట్టుకుని చూడకుండా పిల్లాడికి కొనడమే నాకు నచ్చదు అసలు.

కాకినాడ_నాన్న:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, చాలా థాంక్సండీ అందరికీ. బాబాయ్ గారూ, ఆ నానోఫ్లేర్ మాట మావాడికి చదివి వినిపించా. వాడు ఒప్పుకున్నాడు గానీ, అయితే తల తేలిక బ్యాట్ కొను అని కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆదివారం షాపుకి వెళ్తున్నాం. సమానంగా ఉందో లేదో నాలాంటి వాడికి అక్కడ నిలబడి ఎలా తెలుస్తుంది? రెండోది, మా చెల్లెలి కూతురికి ఏడేళ్ళు, అన్నయ్య వెళ్తున్నాడని అది కూడా బయల్దేరింది. దానికీ ఇదే బ్యాట్ చాలా?

గట్టింగ్_బాబాయ్ (రాజమండ్రి):

తెలుసుకోవడం తేలికే. చూపుడు వేలు అడ్డంగా పెట్టి దాని మీద బ్యాట్ కాడని నిలపండి, ఎటూ ఒరక్కుండా ఆగే చోటు దొరుకుతుంది. పిడి చివర నుంచి ఆ చోటు దాకా టేపుతో కొలవండి, 285 నుంచి 295 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సమానం అనుకోవచ్చు, అంతకు మించి పైకి పోతే తల బరువు, తక్కువైతే తల తేలిక. రెండు మూడు బ్యాట్లు పక్కపక్కన పెట్టి చూస్తే టేపు లేకపోయినా తేడా కనిపిస్తుంది. అన్నట్టు, తల తేలికది అడిగితే కొనివ్వండి, బాబు తప్పేం అడగలేదు, చేతికి భారం ఉండదు. ఆ 1000 జెడ్ కాడ మాత్రం బాగా స్టిఫ్, అలాంటిది కాకుండా వంగే కాడ ఉన్నది చూడండి.

షాపులో బాబు చేతికే ఇచ్చి షేక్ హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోమనండి, వేళ్ళ కొసలకీ అరచేతికీ మధ్య ఒక వేలు దూరేంత సందు ఉండాలి. నాలుగుసార్లు గాల్లో తలపై నుంచి కొట్టించండి, పక్కన మనుషులు లేకుండా చూసుకుని. మోచెయ్యి కిందికి దించేస్తున్నాడంటే అది బరువైన బ్యాటే, కోన్ మీద ఏ నంబరున్నా సరే. ఫ్రేము చుట్టూ గోరుతో ఒకసారి రాయండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ సన్నటి చీలిక ఉన్నట్టే, తల పైభాగంలో రెండు పక్కలా మరీ చూడండి.

పాపకి ఈ బ్యాట్ వద్దండీ. పెద్దవాళ్ళ బ్యాట్ 26 అంగుళాలు దాటి ఉంటుంది, ఏడేళ్ళ పిల్ల దాంతో కాక్‌ని అందుకోలేక పిడి మధ్యలోకి పట్టుకుంటుంది, ఆ అలవాటు తర్వాత మాన్పించలేం. జూనియర్ బ్యాట్ అని పొట్టివి వస్తాయి, 21 నుంచి 25 అంగుళాల దాకా, అందులో దాని ఎత్తుకి తగ్గది చాలు, చవకే. దానికి గట్ మార్పించే పని కూడా లేదు.

మీ బాబు బ్యాట్ గట్ తెగిన రోజున మాత్రం ఒక పని మర్చిపోకండి. ఒక్క దారం తెగినా మిగతా గట్ మొత్తం కత్తెరతో అప్పుడే కోసేయాలి, మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి. అలాగే సంచిలో పెట్టి వారం ఉంచితే ఒక పక్క బిగువు, ఒక పక్క వదులై ఫ్రేము వంకర పోతుంది. ఎండలో కారులో వదిలేయడం కూడా వద్దు. రాజమండ్రి వైపు వస్తే తీసుకురండి, అరగంటలో వేసిచ్చేస్తా.